క్రియాటినిన్ ఊళ్లో మతిమరుపు.. ఏ స్కాన్ చెప్పగలదు?

ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాటకు అర్థం చెప్పక్కర్లేదు. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా ‘నాకు మూడు దాటేసింది బాబూ’ అని లెక్క చెబుతుంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట నుంచి మందస, పలాస, వజ్రపుకొత్తూరు దాకా జీడితోటలు, కొబ్బరిచెట్ల నడుమ విస్తరించిన కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ తేలలేదు. డాక్టర్ టి.రవిరాజు బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో పరీక్షించిన వారిలో సుమారు 18 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు వచ్చింది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఇదంతా మీకు తెలిసిందే. పోటీ పరీక్షలకు చదువుతుంటే నోట్సులో రాసుకునే ఉంటారు.

నోట్సులో లేనిది ఒకటుంది. ఈ ఊళ్లలో రోగులు వయసు మీద పడేదాకా బతకడం మొదలైంది. డయాలసిస్ దగ్గరికి రావడం వల్ల అది సాధ్యమైంది, మంచి మాటే. కానీ వారానికి రెండు మూడుసార్లు టెక్కలికో పలాసకో సోంపేటకో వెళ్లివచ్చే పెద్దాయన ఒకరోజు ‘ఏటి తాతా, మందు ఏసుకున్నావా?’ అంటే గుర్తులేదంటాడు. మర్నాడు మనవడి పేరు తడబడతాడు. అది రక్తంలో వ్యర్థాలు పేరుకోవడం వల్ల వచ్చిన మత్తా? సోడియం తేడానా? మెదడు రక్తనాళాల జబ్బా? దిగులా? అల్జీమర్సా? కిడ్నీ జబ్బు ఉన్నవారిలో జ్ఞాపకశక్తి తగ్గే అవకాశం ఎక్కువని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. ఏ కారణం వల్ల తగ్గిందో బయటి నుంచి చూసి చెప్పడమే కష్టం. మొదటి రెండిటిని సరిచేయొచ్చు. చివరిది అలా కాదు.

దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన లాసీ-డాడ్ అధ్యయనం అంచనా. పట్టణాల కంటే పల్లెల్లోనే శాతం ఎక్కువ. స్కాన్ యంత్రాలేమో పట్టణాల్లో ఉంటాయి.

ఇప్పుడే ఎందుకు ఈ చర్చ?

అల్జీమర్స్ రోగి మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలు ముద్దలుగా పేరుకుంటుంది. చాలా ఏళ్లు దీన్ని మరణానంతరం సూక్ష్మదర్శినిలో మాత్రమే చూడగలిగేవారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ తయారుచేసిన అణువుతో బతికున్న మనిషి మెదడులో ఆ ముద్దలు కనిపించాయి. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 2012లో ఫ్లోర్‌బెటాపిర్‌కు, తర్వాత రెండేళ్లలో మరో రెండిటికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అయినా ‘ముద్దలు ఉన్నాయని తెలిసి ఏం చేస్తాం, మందు లేదు కదా’ అనేవారు.

ఆ మాట 2023లో మారింది. లెకానెమాబ్‌కు ఆ ఏడాది జులైలో, డొనానెమాబ్‌కు 2024 జులైలో అక్కడ పూర్తి అనుమతి దొరికింది. ఇవి జబ్బును నయం చేయవు, కొంత నెమ్మదింపజేస్తాయి. మెదడులో వాపు, రక్తస్రావం ప్రమాదం కూడా ఉంది. ధర సంగతి సరేసరి. కానీ ఇవి ఇవ్వాలంటే మెదడులో అమిలాయిడ్ ఉందని ముందు రుజువు కావాలి. దాంతో పరీక్షకు ఒక్కసారిగా విలువ పెరిగింది.

2025 మేలో రక్తపరీక్షకూ అమెరికాలో అనుమతి వచ్చింది. రక్తంలో పి-టావ్217, అమిలాయిడ్ నిష్పత్తి చూసే పరీక్ష అది. ‘ఇక స్కాన్లతో పనేముంది’ అన్న మాట మీరూ విని ఉంటారు. చాలామంది విషయంలో అది నిజమే కావచ్చు. ఉద్దానం విషయంలో తొందరపడకూడదు. కిడ్నీ సరిగా పనిచేయనివారిలో ఈ ప్రొటీన్లు రక్తం నుంచి త్వరగా బయటికి పోవు. మెదడులో జబ్బు లేకున్నా పి-టావ్ స్థాయి ఎక్కువగా కనిపించవచ్చని అధ్యయనాలు చూపించాయి. నిష్పత్తి తీసుకుంటే తప్పు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. క్రియాటినిన్ మూడు దాటిన మనిషికి రక్తపరీక్ష ఒక్కటే చూసి అల్జీమర్స్ అని ముద్ర వేయడం సాహసమే. అందుకే మెదడును నేరుగా చూసే దారి ఈ ప్రాంతానికి మిగతా చోట్ల కంటే ఎక్కువ అవసరం.

నాలుగు గంటల లెక్క

స్కాన్‌కు వాడే అణువులో రేడియోధార్మిక పరమాణువు ఒకటి ఉంటుంది. అది క్షణక్షణం తరిగిపోతుంటుంది. పిట్స్‌బర్గ్ అణువులోని కార్బన్-11 సగం కావడానికి 20 నిమిషాలు. విశాఖలో తయారై పలాసకు మూడున్నర గంటల్లో చేరిందనుకుందాం, వెయ్యోవంతు కూడా మిగలదు. అనుమతి పొందిన మూడు అమిలాయిడ్ అణువుల్లో ఉన్నది ఫ్లోరిన్-18. దాని అర్ధాయువు 110 నిమిషాలు కాబట్టి నాలుగోవంతు మిగులుతుంది. పనికొస్తుంది కానీ సైక్లోట్రాన్ దగ్గర నుంచి ప్రతి డోసూ పరుగు మీద రావాలి. జాతీయ రహదారి మీద ఒక్క లారీ బోల్తా పడితే ఆ రోజు స్కాన్ లేనట్టే.

లోహాలైతే ఇంకో దారి చూపిస్తాయి. గాలియం-68 అర్ధాయువు 68 నిమిషాలే, ఫ్లోరిన్ కంటే తక్కువ. అయితే దాన్ని దూరం నుంచి తేనక్కర్లేదు. జెర్మేనియం-68 ఉన్న చిన్న జనరేటర్ ఆసుపత్రి బల్ల మీద పెట్టుకుంటే రోజూ దాని నుంచి గాలియం పిండుకోవచ్చు. జెర్మేనియం అర్ధాయువు సుమారు 270 రోజులు కాబట్టి ఏడాది దాకా నడుస్తుంది. ఆవును కట్టేసుకుని పొద్దున్నే పాలు పితుక్కున్నట్టు అని ల్యాబుల్లో అంటుంటారు. కోల్‌కతాలో 2018లో పనిలోకి వచ్చిన సైక్లోన్-30 ఉద్దేశాల్లో గాలియం అందించడం కూడా ఒకటి. ఇక టెక్నీషియం-99ఎం అర్ధాయువు ఆరు గంటలు. దీని జనరేటర్లు న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లో పాత చుట్టాలే. దానికి పెట్ యంత్రం కూడా అవసరం లేదు, గామా కెమెరా చాలు. రాగి-64 అయితే 12.7 గంటలు ఉంటుంది.

(గాలియం, గాడోలినియం ఒకటి కావు. మొదటిది 31వ మూలకం, రెండోది 64వది. పరీక్షలో ఈ రెండిటినీ కలిపేసేవారు ఎక్కువే. కింద రెండోదాని సంగతీ వస్తుంది, జాగ్రత్త.)

మరి లోహంతో అమిలాయిడ్ స్కాన్ ఇంకా ఆసుపత్రికి ఎందుకు రాలేదు? అనుమతి పొందిన మూడిటిలో లోహం ఉన్నది ఒక్కటీ లేదే? కిటుకంతా పట్టులో ఉంది.

పీత డెక్క పట్టు

లోహాన్ని ఒకటికి మించిన చోట్ల పట్టుకునే అణువుతో ఏర్పడేదాన్ని కీలేట్ అంటాం. గ్రీకులో ఆ మాటకు మూలం పీత డెక్క. బారువ, భావనపాడు ఒడ్డున వలలోంచి పీతను విడదీసినవాళ్లకు ఆ పట్టేమిటో వేరే చెప్పక్కర్లేదు. ఇంటర్ రెండో ఏడాది సమన్వయ సమ్మేళనాల పాఠంలో మీరు చదివింది ఇదే. డిగ్రీ ల్యాబులో నీటి కాఠిన్యం కొలవడానికి బ్యూరెట్‌లో పోసిన ఈడీటీఏ కూడా ఇదే. ఎరుపు నీలంగా మారిన క్షణంలో ఈడీటీఏ కాల్షియం, మెగ్నీషియం అయాన్లను డెక్కల్లో బిగించేసింది. ఆరు చోట్ల పట్టుకుంటుంది కాబట్టి అంత బలం.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే జీడిపిక్క చూడండి. పలాసలో పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లను నల్లగా కాల్చేసే తొక్క నూనెలో అనకార్డిక్ ఆమ్లం ఉంటుంది. దాని వలయం మీద పక్కపక్కనే ఒక ఆమ్ల సమూహం, ఒక ఫినాల్ సమూహం ఉన్నాయి. ఆ రెండూ కలిసి ఇనుము, రాగి లాంటి లోహాలను పట్టుకుంటాయి. బాగా వేడి చేస్తే ఆమ్ల సమూహం కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోయి కార్డనాల్ మిగులుతుంది. ఒక డెక్క విరిగింది, పట్టు పోయింది. కీలేట్ డిజైన్‌కు ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ ఉండదనుకుంటా. ఇటలీ, బ్రెజిల్ పరిశోధకులు ఈ తొక్క నూనె నుంచే అల్జీమర్స్‌కు పనికొచ్చే అణువులు తయారుచేయాలని ప్రయత్నిస్తున్నారు. (అలాగని జీడినూనె జ్ఞాపకశక్తికి మంచిదని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి. అది ఒళ్లు కాలుస్తుంది, అంతే.)

మెదడు స్కాన్‌కు కావాల్సిన అణువు మూడు పనులు ఒకేసారి చేయాలి. ఒక కొసన లోహాన్ని గట్టిగా పట్టుకోవాలి. ఇంకో కొసన అమిలాయిడ్‌కు అతుక్కోవాలి. అమిలాయిడ్ పోగుల్లో సన్నటి గాడులుంటాయి, వాటిలోకి బల్లపరుపుగా, పొడుగ్గా ఉండే అణువులు ఇమిడిపోతాయి. మూడోది, మెదడుకు కాపలా కాసే రక్తనాళాల గోడను దాటాలి. ఇక్కడే అసలు చిక్కు. ఆ గోడ చిన్నవాటిని, విద్యుదావేశం లేనివాటిని, కొవ్వులో కాస్త కరిగేవాటిని మాత్రమే లోపలికి రానిస్తుంది. అణుభారం 400–500 దాటితే కష్టం. గట్టిగా పట్టే డోటా అనే వలయం ఒక్కటే 400 దాటుతుంది, పైగా ఆవేశం మోస్తుంది. పట్టు పెంచితే గోడ దాటదు, గోడ దాటేలా చెక్కితే పట్టు సడలుతుంది. ఇరవై ఏళ్లుగా రసాయన శాస్త్రవేత్తలు కుస్తీ పడుతున్నది ఈ లాగుడుపీకుడుతోనే.

అసాధ్యమైతే కాదు. టెక్నీషియంను నాలుగు చోట్ల పట్టుకునే ట్రోడాట్ అనే చిన్న అణువును పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాంక్ కుంగ్ బృందం 1990లలోనే తయారుచేసింది. అది గోడ దాటి డోపమైన్ వ్యవస్థను చూపిస్తుంది. పార్కిన్సన్స్ నిర్ధారణకు మన దేశంలోనూ వాడుతున్నారు. అంటే లోహం మెదడులోకి వెళ్లగలదు. అమిలాయిడ్ కోసం మెల్‌బోర్న్‌లో పాల్ డొనెల్లీ బృందం రాగితో ప్రయత్నిస్తోంది. ఢిల్లీలోని డీఆర్‌డీవో సంస్థ ఇన్మాస్ శాస్త్రవేత్తలు 2014లో గాలియం-68కి రెండు చాల్కోన్ ముక్కలు తగిలించిన అణువును ప్రకటించారు. చాల్కోన్ అంటే మన పసుపులోని కర్క్యుమిన్‌కు దూరపు చుట్టం లాంటి నిర్మాణం. అది ల్యాబు, ఎలుకల దశ పని. అక్కడి నుంచి రోగి దాకా దారి పొడుగే. కానీ ఆ దారి మొదలు మన దేశంలో ఉందని తెలుసుకోవడం మీకు అవసరం.

కిడ్నీ రోగులకు రెండుసార్లు తగిలిన దెబ్బ

లోహం, కిడ్నీ, మెదడు అనే మూడు మాటలు కలవడం ఇదే మొదటిసారి కాదు. డయాలసిస్‌లో ఒక్కో విడతకు సుమారు 120 లీటర్ల నీరు రోగి రక్తానికి పొర అవతల ప్రవహిస్తుంది. 1970లలో కొన్ని దేశాల్లో ఆ నీటిలో అల్యూమినియం ఉండిపోయేది. నీరు తేటపడటానికి వేసే పటిక కూడా ఒక కారణం. రోగులు మాట తడబడి, మూర్ఛలు వచ్చి, మతి తప్పి చనిపోయారు. అమెరికాలోని డెన్వర్‌లో అల్‌ఫ్రే బృందం 1976లో వాళ్ల మెదడుల్లో అల్యూమినియం ఎక్కువగా ఉందని చూపించింది. అది అల్జీమర్స్ కాదు, వేరే జబ్బు. దాన్ని అదుపు చేయడంలో శుద్ధ నీరు ఒక ఆయుధమైతే, డెస్‌ఫెర్రియాక్సమిన్ అనే కీలేటింగ్ మందు రెండోది. ఇవాళ ప్రతి డయాలసిస్ కేంద్రంలో నీటిశుద్ధి యూనిట్ అంత ముఖ్యం కావడానికి వెనక ఈ కథే ఉంది. అల్యూమినియం గిన్నెల్లో వండితే అల్జీమర్స్ వస్తుందన్న ప్రచారమూ ఆ రోజుల భయం నుంచి బలం పుంజుకున్నదే. దానికి గట్టి ఆధారం లేదు. అల్జీమర్స్ మెదళ్లలో లోహాల పరిమాణాలను మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐలో కె.ఎస్.జగన్నాథరావు బృందం అధ్యయనం చేసింది. అమిలాయిడ్ ముద్దల్లో రాగి, జింకు, ఇనుము ఎక్కువగా ఉన్నాయని 1998లో అమెరికా పరిశోధకులు కొలిచారు. లోహం ఉందన్నది నిజం. అదే జబ్బుకు కారణమా అన్నది వేరే ప్రశ్న.

రెండో దెబ్బ గాడోలినియంది. ఎంఆర్‌ఐలో బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు ఇది. ఒంటరి గాడోలినియం అయాన్ విషం. పరిమాణంలో కాల్షియం లాగే ఉండి దాని స్థానంలో దూరుతుంది. అందుకే కీలేట్‌లో బిగించి ఇస్తారు. మామూలు కిడ్నీలున్న మనిషిలో గంటన్నరకు సగం మూత్రంలో పోతుంది. కిడ్నీ పాడైన మనిషిలో అదే సగం పోవడానికి ఒక రోజు దాటుతుంది. అన్ని గంటలు ఒంట్లో తిరిగితే, వదులుగా పట్టుకున్న డెక్క జారిపోతుంది. చర్మం, కీళ్లు బిగుసుకుపోయే ఓ జబ్బును 1997 నుంచి కిడ్నీ రోగుల్లో గమనించారు. దానికీ గాడోలినియానికీ ఉన్న లంకెను 2006లో గుర్తించారు. 2007లో అమెరికాలో పెద్ద హెచ్చరిక పెట్టించారు.

ఇక్కడ అంకెలు చూడండి. ఎక్కువ కేసులకు లంకె ఉన్న గాడోడయమైడ్ స్థిరత్వ స్థిరాంకం పదికి సుమారు 17వ ఘాతం. అంత పెద్ద అంకె చూస్తే ఎవరైనా నిశ్చింతగానే ఉంటారు. డోటా వలయానిది పదికి సుమారు 25వ ఘాతం. అయితే తేడా ఘాతంలో మాత్రమే లేదు. మొదటిది తెరిచిన గొలుసు, ఒక్కో ముడీ విడిపోవచ్చు. రెండోది మూసిన వలయం, విడిపించాలంటే చాలాసేపు పడుతుంది. పుస్తకంలో స్థిరత్వ స్థిరాంకం చదువుకుని వదిలేస్తాం. ఎంత గట్టిగా పట్టుకుందన్నది ఒకటి, ఎంతసేపు వదలకుండా ఉంటుందన్నది మరొకటి. ఆ రెండో ప్రశ్నను రసాయన శాస్త్రవేత్తల ముందు పెట్టింది కిడ్నీ రోగుల శరీరాలే. 2017లో యూరప్ చాలావరకు గొలుసు రకాల వాడకాన్ని ఆపేసింది. వలయం రకాలతో ఈ జబ్బు చాలా అరుదు. కాబట్టి ఇంట్లో కిడ్నీ రోగికి డాక్టరు ఎంఆర్‌ఐ రాస్తే ఇది చదివి మానేయించకండి. కాంట్రాస్ట్ లేకుండా తీసే ఎంఆర్‌ఐలు బోలెడున్నాయి. కాంట్రాస్ట్ తప్పనిసరైతే ఏ రకమో అడగండి.

పెట్ స్కాన్ లోహాలకు ఈ భయాన్ని యథాతథంగా అంటించడం కూడా తప్పే. 60 కిలోల మనిషికి ఎంఆర్‌ఐలో ఎక్కేది సుమారు ఒక గ్రాము గాడోలినియం. పెట్‌లో ఎక్కే గాలియం-68 గ్రాములో వంద కోట్లవ వంతు కూడా ఉండదు. విషం ప్రశ్నే రాదు. బొమ్మ ప్రశ్న మాత్రం వస్తుంది. డెక్క జారిన గాలియం రక్తంలోని ట్రాన్స్‌ఫెరిన్ ప్రొటీన్‌కు అతుక్కుని తిరుగుతూ బొమ్మను మసకబారుస్తుంది. జారకపోయినా, మూత్రం ద్వారా పోయేలా డిజైన్ చేసిన అణువు ఉద్దానం రోగి రక్తంలో అలాగే నిలిచిపోతుంది. ఈలోగా 68 నిమిషాల గడియారం తిరిగిపోతుంది. అందువల్ల ఇక్కడి రోగికి కాలేయం దారిలో బయటికి పోయే అణువు కావాలి. మామూలు కిడ్నీలున్న ఎలుకల్లో మాత్రమే పరీక్షించి బాగుందంటే సరిపోదు. నా దృష్టిలో ఈ రంగంలో పనిచేయబోయే తెలుగు విద్యార్థి అందరికంటే ముందు అడగగలిగిన ప్రశ్న ఇదే. ఎందుకంటే ఆ రోగి వాళ్లింట్లోనే ఉన్నాడు.

ఒక్క హెచ్చరిక. లోహాన్ని చూడటం వేరు, తోడేయడం వేరు. మెదడులోంచి లోహాలు లాగేస్తే జబ్బు తగ్గుతుందన్న ఆశ ఇప్పటిదాకా ఫలించలేదు. పీబీటీ2 అనే మందు 2014లో నిరాశపరిచింది. ఇనుమును పట్టే డెఫెరిప్రోన్ ఇస్తే మెదడులో ఇనుము తగ్గింది, జ్ఞాపకశక్తి మాత్రం ఇంకా వేగంగా తగ్గింది. 2024లో వచ్చిన ఫలితం అది. ‘కీలేషన్ థెరపీతో అల్జీమర్స్ మాయం’ అనే ప్రకటనలు ఎక్కడ కనిపించినా దూరం జరగండి.

మీరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఈ పనికి సమన్వయ రసాయనశాస్త్రం తెలిసినవాళ్లు, ఫార్మసీ వాళ్లు, రేడియోధార్మికత తెలిసినవాళ్లు, డాక్టర్లు అందరూ కావాలి. ఒక్కరే అన్నీ చదవలేరు. టెక్కలిలోనో పలాసలోనో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతుంటే ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం దగ్గరే ఉన్నాయి. లోహం–లైగాండ్ స్థిరత్వ స్థిరాంకాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఏళ్ల తరబడి పత్రాలు వచ్చాయి. పాతకాలపు పని అని చిన్నచూపు చూడకండి, పైన చెప్పిన కథంతా దాని మీదే నడిచింది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, పరిశోధనకు సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ రాయాలి. నెట్‌లో ఇనార్గానిక్ భాగాన్ని బట్టీ పట్టే అధ్యాయంగా వదిలేయకుండా గతిశాస్త్రంతో కలిపి చదవండి. బీఫార్మసీ వాళ్లకు జీప్యాట్, నైపర్ దారి ఉంది. హైదరాబాద్ నైపర్ 2007 నుంచి నడుస్తోంది.

పరిశోధన వద్దు, త్వరగా ఉద్యోగం కావాలనుకునేవారికి న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ, రేడియోఫార్మసీ కోర్సులు ఉన్నాయి. జనరేటర్ నుంచి గాలియం పిండి, కీలేట్‌తో కలిపి, పట్టు సరిగ్గా పడిందో లేదో పరీక్షించి డోసు బయటికి పంపేది వీళ్లే. డబ్బు కట్టేముందు ఆ కోర్సుకు అణుశక్తి నియంత్రణ మండలి గుర్తింపు ఉందో లేదో మండలి వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి, కాలేజీ వాళ్ల మాట మీద ఉండొద్దు. వాటిలో కొన్నిటిలో చేరాలంటే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఉన్న డిగ్రీ అడుగుతారు. ఇంటర్ తర్వాత గ్రూపు ఎంచుకునేటప్పుడే ఈ సంగతి గుర్తుంచుకోండి.